అమ్మమ్మ చూసిన బకావళి

మా అమ్మమ్మ గులేబకావళి కథ చెబుతూ ప్రతిసారీ ఒకే చోట ఆగేది. రాకుమారుడు కొలనులో దిగి పువ్వు కోసే చోట.

"నీళ్లు పైకి లేచినయ్యే. కిందనుంచి పైకి," అని రెండు చేతులూ ఎత్తి చూపించేది.

నీళ్లు పైకెలా లేస్తాయి అమ్మమ్మా అని అడిగితే, "నేను చూశాగా" అనేది. ఆ మాట తర్వాత ఇంక వాదన ఉండేది కాదు.

మేమేమో ఆవిడ చూసింది ఎన్టీ రామారావు సినిమా అనుకునేవాళ్లం. 'గులేబకావళి కథ' 1962 జనవరిలో వచ్చింది. ఆయనే డైరెక్ట్ చేశాడు, సినారె సినిమా పాటలు రాయడం దాంతోనే మొదలు. నేను ఏడో క్లాసులో ఉండగా మా ఊరి టూరింగ్ టాకీసులో మళ్లీ వేశారు. అమ్మమ్మే మమ్మల్నందర్నీ వెంటేసుకుని తీసుకెళ్లింది. నేల టికెట్టు, ఇసుకలో కూర్చోవడం, ముందువాడి తల అడ్డం వస్తే ఇసుక గుట్ట చేసుకుని దానిమీద కూర్చోవడం. ఆ తరంవాళ్లకి చెప్పక్కర్లేదు. సినిమా అయ్యాక చెరువుగట్టు మీదుగా నడిచొస్తుంటే ఎలా ఉంది అమ్మమ్మా అన్నాను.

"పాటలు బావున్నయ్. రామారావు బావున్నాడు. నీళ్లే లేవలేదు."

అప్పుడు తెలిసింది నాకు, ఈవిడ చూసింది ఇంకేదో ఉందని.

అమ్మమ్మది దివిసీమ. తొమ్మిదో పదో ఏట, వాళ్ల మేనమామ ఇంట్లో పెళ్లికని బందరు వెళ్లింది. వాళ్లమ్మ లెక్క ప్రకారం ఆవిడ పుట్టింది 1918 ప్రాంతంలో కాబట్టి, ఇది 1927, 28ల నాటి మాట. పెళ్లయిన మర్నాడు మగవాళ్లంతా 'బొమ్మలాట'కి వెళ్తుంటే పిల్లలు ఏడ్చి వెంటపడ్డారట. ఆడపిల్లల్ని తీసుకెళ్లడం ఏమిటని పెద్దలు గొణిగినా, మేనమామ నవ్వేసి నలుగురు పిల్లల్ని బండెక్కించాడు.

గుడ్డ డేరా. మధ్యలో చేత్తో తిప్పే మెషీను. తెర పక్కన ఒకడు హార్మోనియం, ఒకడు తబలా. ఇంకొకడు నిలబడి, తెరమీద అక్షరాలు పడ్డప్పుడల్లా వాటిని గట్టిగా చదివి, తన సొంత మాటలు కూడా కొన్ని కలిపి చెప్పేవాడట. మూకీ సినిమాల్లో పాత్రల మాటల్ని కార్డుల మీద రెండు మూడు భాషల్లో రాసి చూపించేవాళ్లు. జనంలో చదువొచ్చినవాళ్లు ఎందరు? అందుకని ఆ చెప్పేవాడు లేకపోతే ఆట లేదు. అమ్మమ్మకి ఆ సినిమాలో హీరో ఎవరో గుర్తులేదు కానీ చెప్పేవాడు గుర్తున్నాడు. పొట్టివాడట, చెవికి పోగులట, విలన్ వచ్చినప్పుడల్లా తెరవైపు తిరిగి "ఒరేయ్, నీ దినం దగ్గర పడిందిరా!" అని తిట్టేవాడట.

కథ తెలియనివాళ్లు తక్కువే అయినా, అమ్మమ్మ చెప్పిన తీరులో నాలుగు ముక్కలు రాయకపోతే నాకు తృప్తి ఉండదు. ఒక రాజు. ఆయనకి ఐదో కొడుకు పుట్టినప్పుడు జోస్యులు, ఈ పిల్లాడి మొహం చూస్తే నీ కళ్లు పోతాయి అంటారు. పిల్లాణ్ణి దూరంగా పెంచుతారు. ఒకరోజు వేటలో ఎదురుపడనే పడతాడు, రాజు కళ్లు పోనే పోతాయి. బకావళి అనే దేవకన్య తోటలో ఉన్న పువ్వు తెచ్చి కళ్లకి అద్దితే చూపొస్తుందని వైద్యులంటారు. నలుగురు అన్నలూ గుర్రాలెక్కి బయల్దేరి, దారిలో ఒక వేశ్య ఇంట్లో పాచికలాడి, ఉన్నదంతా పోగొట్టుకుని ఆవిడ దగ్గర బందీలవుతారు.

ఆ పాచికల చోట అమ్మమ్మ గొంతు తగ్గించేది. ఆటకి దీపం కావాలిగా, ఆ దీపాన్ని ఒక పిల్లి నెత్తిన పెట్టుకుని కూర్చుంటుంది. పందెం ఎదుటివాడి వైపు మొగ్గినప్పుడు పిల్లి కాస్త తల వంచుతుంది. ఆ నీడలోంచి ఒక ఎలుక వచ్చి పాచికని తిప్పేసి పోతుంది. చిన్నవాడు ఈ గుట్టు కనిపెట్టి, చొక్కా చేతిలో ముంగిసని దాచుకెళ్తాడు. ముంగిసని చూసి ఎలుక పరార్, పిల్లి పరార్, దీపం దబ్బున కింద. ఈ కథని మొదట రాసినవాడెవడో గానీ ఆ పిల్లి కోసమైనా వాడికి దణ్ణం పెట్టాలి. మోసం ఎలా జరుగుతుందో పిల్లలకి ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

రాసినవాళ్ల సంగతి తర్వాత తెలిసింది. 18వ శతాబ్దంలో ఇజ్జతుల్లా అనే బెంగాలీ దీన్ని పారసీలో రాశాడు. 1800ల మొదట్లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం నిహాల్‌చంద్ లాహోరీ ఉర్దూలోకి తెచ్చాడు. లక్నోలో దయాశంకర్ నసీమ్ దాన్నే పద్యంగా అల్లాడు. దేవకన్యలు పారసీ పరీలు, సభేమో ఇంద్రుడిది. అన్నీ ఒకే కథలో సుఖంగా ఇమిడిపోయాయి. అక్కణ్ణుంచి నాటకాల వాళ్లకి, అచ్చు పుస్తకాల వాళ్లకి, చివరికి మా అమ్మమ్మకి చేరింది.

సినిమా సంగతికొస్తాను. నేను ఉద్యోగం పేరుతో పుణెలో రెండేళ్లున్నాను, తొంభైల్లో. లా కాలేజీ రోడ్డులో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఉందని తెలిసి ఒక శనివారం వెళ్లాను. అమ్మమ్మ అప్పటికి లేదు. నాకు సినిమా చరిత్ర మీద పెద్ద ఆసక్తి కూడా ఏమీ లేదు. నీళ్లు లేచాయో లేదో చూద్దామని, అంతే.

పుస్తకాల్లో దొరికింది. 'గులేబకావళి', 1924. తీసింది బొంబాయిలో ద్వారకాదాస్ సంపత్ కోహినూర్ కంపెనీ. దర్శకుడు కాంజీభాయి రాథోడ్, కథ రాసింది మోహన్‌లాల్ దవే. ఈ రాథోడే 1921లో 'భక్త విదుర' తీశాడు. అందులో విదురుడు గాంధీగారిలా టోపీ, ఖద్దరు వేసుకుని కనిపించాడని మద్రాసు ప్రభుత్వం దాన్ని ఆపేసింది. దళిత కుటుంబం నుంచి వచ్చి, ఆ రోజుల్లోనే పేరున్న దర్శకుడైనవాడు. గులేబకావళి మాత్రం నిషేధాలేవీ లేకుండా దేశమంతా తిరిగి డబ్బు చేసుకుంది. దేశమంతా అంటే బందరు కూడా దేశంలోదేగా, నాకు ఒళ్లు జల్లుమంది.

రీలుందా అనడిగాను. అక్కడ కూర్చున్నాయన ఎంతో మర్యాదగా, అలవాటైపోయిన మాట చెప్పినట్టు చెప్పాడు. లేదమ్మా. ఎక్కడా లేదు.

మన దేశంలో 1913 నుంచి టాకీలు వచ్చేదాకా, ఆ తర్వాత రెండు మూడేళ్లు కూడా కలిపి, 1300 పైచిలుకు మూకీలు తీశారు. మిగిలినవి ముప్పై లోపు. వాటిలోనూ చాలావాటికి మొదలో చివరో ఉంటుంది, మధ్య ఉండదు. ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర'కే పూర్తి రీళ్లు లేవు. ఆ కాస్తయినా మిగిలిందంటే పి.కె. నాయర్ అనే మనిషి 1964లో మొదలైన ఆర్కైవ్‌లో మరుసటేడు చేరినప్పట్నుంచి ఊరూరా తిరిగి, గోడౌన్లు, బాత్రూములు, ఆవుల కొట్టాలు వెతికి తేవడం వల్ల.

మనవాళ్లవీ పోయాయి. రఘుపతి ప్రకాష్ 1921లో మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు. హైదరాబాద్‌లో ధీరేన్ గంగూలీ లోటస్ కంపెనీ పెట్టి 1922 నుంచి తీసిన సినిమాలు లేవు. 'రజియా బేగం' అనే సినిమా ఆడించాడని 1924లో నిజాం సర్కారు ఆయన్ని ఊరొదిలి పొమ్మంది, ఆయన కలకత్తా వెళ్లిపోయాడు. సినిమాలు ఎటు వెళ్లాయో.

ఎలా పోయాయని అడిగితే ఒక్క కారణం కాదు. అప్పటి ఫిల్ము నైట్రేట్‌ది. తుపాకీమందుకి దగ్గరి చుట్టం. వేడెక్కితే తనంతట తను అంటుకుంటుంది, ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. అంటుకోకపోతే కొన్నేళ్లకి జిగురుగా మారి, తర్వాత పొడై రాలిపోతుంది. తీసిన ప్రింట్లే కొద్ది. అవి బొంబాయిలో ఆడి, పెద్ద ఊళ్లు తిరిగి, చివరికి మా బందరు డేరాలాంటి చోటికి చేరేసరికి గీతలు పడి, అంచుల చిల్లులు చిరిగి, చావుకి సిద్ధంగా ఉండేవి. అన్నిటికంటే బాధ కలిగించింది వెండి. ఫిల్ము మీద బొమ్మ నిలిచేది వెండి రసాయనంతోనే. కడిగితే ఆ వెండి దిగుతుంది. మిగిలిన సెల్యులాయిడ్‌తో గాజులు చేసేవాళ్లు. మన మొదటి టాకీ 'ఆలం ఆరా' రీళ్ల కోసం నాయర్ వెళ్తే, దాన్ని తీసిన ముసలి అర్దేషిర్ ఇరానీ ఎక్కడో కొన్ని ఉండాలి అన్నాడట. ఆయన కొడుకు నాయర్‌ని పక్కకి పిలిచి, వాటిని వెండికి అమ్మేసింది నేనే, నాన్నకి తెలియదు అన్నాడట.

ఈ సంగతి విన్నప్పట్నుంచీ నాకొక పిచ్చి ఊహ. అమ్మమ్మకి రంగురంగుల సెల్యులాయిడ్ గాజులు రెండు డజన్లు ఉండేవి. తిరనాళ్లలో కొన్నవి. మంట దగ్గరికి వెళ్లేటప్పుడు తీసి పక్కన పెట్టేది, అంటుకుంటాయే అని. ఇంక చెప్పను, మీకే అర్థమవుతుంది.

ఆ ఆలం ఆరా హీరోయిన్ జుబేదా మన గులేబకావళిలోనూ ఉంది. 1911లో సూరత్‌లో పుట్టింది, అంటే ఈ సినిమా నాటికి పదమూడేళ్ల పిల్ల. మంచి కుటుంబాల ఆడవాళ్లు తెరమీదికి రావడానికి జంకే రోజులవి. వాళ్లమ్మ ఫాత్మా బేగం తను నటించి, ముగ్గురు కూతుళ్లనీ నటింపజేసి, సొంత కంపెనీ పెట్టి 1926లో 'బుల్‌బుల్-ఎ-పరిస్తాన్' అనే పరీల కథ తీసింది. మన దేశంలో సినిమా తీసిన మొదటి ఆడమనిషి ఆవిడే. అదీ మాయాజాలాల సినిమానే, అదీ లేదు. ఆడవాళ్లు తీసిన మొదటి సినిమా ఎలా ఉంటుందో ఇక ఎవరం చూడలేం.

జుబేదా ముచ్చట ఇంకొకటి. ఆవిడ పెళ్లి చేసుకున్నది హైదరాబాద్ సంస్థానపు ధనికుడు, రాజా నర్సింగ్‌గిర్ ధన్‌రాజ్‌గిర్‌ని. గోషామహల్‌లో జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్ వాళ్లదే. నేను ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. సంగతి తెలిశాక ఒకసారి ఆటో ఆపించి గేటు బయట ఐదు నిమిషాలు నిలబడ్డాను. ఆటో అతను ఎవరైనా రావాలా మేడమ్ అన్నాడు. ఏం చెప్పను?

ఇక నీళ్లు. ఆ ముడి విప్పింది పుస్తకాలు కాదు. మా కాలనీలో ఒక రిటైరైన ఆపరేటర్ ఉండేవారు, నలభై ఏళ్లు ప్రొజెక్టర్ నడిపిన మనిషి. అందరం బాబాయిగారూ అనేవాళ్లం. ఆయనకి అమ్మమ్మ మాట చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టి నవ్వారు.

"దానిదేముందమ్మా. అప్పట్లో కెమెరా కూడా చేత్తో తిప్పేదేగా. వెనక్కి తిప్పి తీస్తారు, ముందుకి తిప్పి చూపిస్తారు. నీళ్లలో రాయేస్తే చిమ్మిన నీళ్లు వెనక్కొచ్చి కలిసిపోతాయి, రాయి పైకి లేస్తుంది. రాయి బదులు పువ్వనుకో."

అంటే ఆ సినిమాలో నిజంగానే అలా తీసి ఉంటారా బాబాయిగారూ?

"తీసుండొచ్చు. లేకపోతే డేరావాడే చేసుండొచ్చు. జనం ఈలలేస్తే మెషీను వెనక్కి తిప్పి ఒక ముక్క మళ్లీ చూపించేవాళ్లని మా గురువు చెప్పేవాడు. ఆ వెనక్కి తిప్పేటప్పుడు నీళ్లు లేచుంటాయి."

నాకు మొదటిదే నిజమైతే బావుణ్ణని ఉంటుంది. కానీ మా అమ్మమ్మని ఎరిగినదాన్ని కాబట్టి, ఆ ఈలలేసిన గుంపులో ఆవిడ కూడా ఉండి ఉంటుందని రెండోదే నమ్మబుద్ధేస్తుంది.

పుణెలోనే ఒక సాయంత్రం ఫాల్కే 'కాళియ మర్దన్' వేశారు, 1919 నాటిది. మిగిలిన ముప్పైలో ఒకటి. చిన్నికృష్ణుడు ఆయన కూతురు మందాకిని. ఆ పిల్ల నీళ్లలోకి దూకుతుంది, పాముతో పోరాడుతుంది. హార్మోనియం లేదు, చెప్పేవాడు లేడు, ఏసీ హాల్లో అందరూ నిశ్శబ్దంగా చేతులు కట్టుకుని చూశారు. పూజ చేస్తున్నట్టుగా. నాకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. ఆ సినిమాలు అలా చూడ్డానికి తీసినవి కావు. "ఒరేయ్ కాళీయా, నీ దినం దగ్గర పడిందిరా" అని ఒక్కడు అరిచుంటే ఎంత బావుండేది! అరవాలని నోటిదాకా వచ్చింది, సిగ్గేసి ఊరుకున్నాను.

ఆ తర్వాత 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ రీళ్లు దాచిన గదికి నిప్పంటుకుంది. వందల సినిమాల రీళ్లు పోయాయి. కాళియ మర్దన్ లాంటివాటికి అప్పటికే కాపీలు తీసి ఉంచారు కాబట్టి బతికాయి. వార్త టీవీలో వస్తుంటే మా ఆయన, నీ గులేబకావళి కూడా అందులో ఉందా అన్నారు. పోవడానికి ముందు ఉండాలి కదండీ అన్నాను.

అసలు ఇదంతా రాయడానికి కారణం సినిమా కాదు, ఒక కేసెట్టు.

1988లో అమ్మమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంటికి తీసుకొచ్చాక కూడా కొన్నాళ్లు కంటికి కట్టుంచారు. వంగకూడదు, తలస్నానం చెయ్యకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. పనిలేకుండా ఒక పూట కూర్చోవడం ఆవిడ జీవితంలో అదే మొదలు. అందర్నీ తిట్టేది. "ఆ బకావళి పువ్వేదో తెచ్చి అద్దితే సరిపోయేదానికి ఈ కోతలేమిటే" అనేది. మధ్యప్రదేశ్‌లో అమరకంటక్ దగ్గర గుల్‌బకావలి అని తెల్లటి పువ్వు నిజంగానే ఉందని, దాని అర్కు కళ్లమందుగా అమ్ముతారని నాకప్పటికి తెలియదు. తెలిసుంటే ఒక సీసా తెప్పించి, అద్దకపోయినా, కనీసం చేతిలో పెట్టేదాన్ని.

ఆవిడకి తోచడం కోసం మా నాన్న టేప్‌రికార్డర్ తెచ్చి ముందు పెట్టి, గులేబకావళి కథ మొత్తం చెప్పించాను. అరవై నిమిషాల కేసెట్టు, రెండు వైపులా. చెప్పేవాడి గొంతు, హార్మోనియం, పిల్లి, ముంగిస, అన్నీ. డేరాలో తను చూసిందేదో, పుస్తకంలో విన్నదేదో, రామారావు సినిమాలోదేదో ఆవిడకే తెలియనంతగా కలిసిపోయాయి. నేనూ విడదీయమని అడగలేదు. అడిగుండాల్సింది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో బొంబాయిలో జుబేదా పోయారని ఇప్పుడు లెక్క చూసుకుంటుంటే తెలుస్తోంది. ఇటు బందరు పిల్ల, అటు సూరత్ పిల్ల. ఏడేళ్ల తేడా.

అమ్మమ్మ 1991లో పోయింది. దినాలన్నీ అయ్యాక కేసెట్టు కోసం వెతికితే డబ్బా మీద నా చేతిరాత అలాగే ఉంది. లోపల సినిమా పాటలున్నాయి. మా తమ్ముడు కాలేజీ రోజుల్లో ఖాళీ కేసెట్టు దొరక్క దానిమీద ఎక్కించేశాడు. వాడి మొహం చూస్తే తిట్టాలనిపించలేదు. నాన్నకి తెలియదు, చెప్పకే అక్కా అన్నాడు. కొన్నేళ్ల తర్వాత ఇరానీగారి కొడుకు ముచ్చట చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది వీడే.

పోయిన దీపావళికి ఇల్లు సర్దుతుంటే ఆ కేసెట్టు మళ్లీ దొరికింది. మా అబ్బాయి దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానని ఎక్కడి నుంచో ప్లేయర్ తెచ్చాడు. రెండో వైపు పాటలు అయిపోయాక ఆపబోతుంటే ఆగమన్నాను. పాటల టేపు కాస్త చిన్నది. చివర్లో వాడు చెరపని ముక్క ఒక అరనిమిషం మిగిలింది.

సొయ్‌మని గాలి చప్పుడు. దూరంగా కాకులు. తర్వాత అమ్మమ్మ గొంతు, చాలా దగ్గర్నుంచి:

"...అట్టా నీళ్లు పైకి లేచినయ్యే. లేచి... ఉండు, నోరెండిపోతంది. ఒరేయ్, ఆ గేదెకి కుడితి పెట్టారా లేదా? ఎవురూ పలకరేంట్రా?"

తర్వాత టక్‌మని మీట నొక్కిన చప్పుడు. అది నేనే నొక్కాను.